ఎలుకను దత్తత తీసుకుంటానంటే అత్తగారు నవ్వారా?

ప్రశ్న: "మాది తిరుపతి. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మా నాయన పోయి మూడేళ్లయింది. పూతలపట్టు దగ్గర పల్లెలో సేద్యం చేసేవాడు. ఏటా ఆయన తిథికి కొండ మీద అన్నదానానికి కట్టేవాళ్లం. ఈసారి దాంతో పాటు నెలకు రెండు వేలు పక్కన పెట్టి, ఎవరూ పట్టించుకోని పనికి ఇవ్వాలని ఉంది. మందుపాతరలు వెతికే ఎలుకల్ని దత్తత తీసుకోవచ్చని ఇన్‌స్టాలో చూసి ఇంట్లో చెప్తే, 'సామి కొండ మీద ఉండంగా ఎలుకలకు దుడ్లు పంపేదేందే' అని మా అత్త పడీపడీ నవ్వింది. పోయినేడు ఒక పాప గుండె ఆపరేషన్ వీడియో చూసి ఐదు వేలు పంపాను. నెల తర్వాత అదే పాప వేరే పేరుతో ఒక తమిళ పేజీలో కనిపించింది. అప్పట్నుంచి ఏది చూసినా అనుమానమే. కొత్తరకం మంచి పనుల్ని సోషల్ మీడియాలో ఎలా వెతకాలి, ఎవర్ని నమ్మాలి? అమెరికాలో ఉన్న తమ్ముడు కూడా కొంత కలుపుతానంటున్నాడు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, తనూ ఏదో ఒకటి చేస్తానంటోంది." – ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ముందు ఎలుక సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ అత్తగారి మాట చదివి నేనూ చాలాసేపు నవ్వాను. కానీ అది నిజమేనమ్మా. అపోపో అనే సంస్థ టాంజానియాలో ఆఫ్రికా పెద్ద ఎలుకలకు మందుపాతర వాసన పసిగట్టడం నేర్పుతుంది. మనిషి కాలు పెడితే పేలేది ఎలుక నడిస్తే పేలదు, దానికి అంత బరువుండదు. మగావా అనే ఎలుక కంబోడియాలో ఐదేళ్లు పనిచేసి మందుపాతరలు, పేలకుండా మిగిలిపోయిన గుండ్లు అన్నీ కలిపి వందకు పైగా పట్టించింది. 2020లో బ్రిటన్‌లోని ఒక జంతు సంక్షేమ సంస్థ దానికి బంగారు పతకం ఇచ్చింది. 2022 జనవరిలో ముసలిదై చనిపోయింది. దత్తత అంటే ఎలుక ఇంటికి రాదు లెండి, మీరు నెలనెలా కట్టింది దాని తిండికీ శిక్షణకూ పోతుంది, మీకు దాని కబుర్లు మెయిల్లో వస్తాయి. వినాయకుడి వాహనం అక్కడ జనాల కాళ్లు పోకుండా కాపాడుతోందని అత్తగారితో అని చూడండి, నవ్వు ఆపకపోయినా ఆ ఫోను ఇటు ఇవ్వమని ఒకసారి అడుగుతారు.

అయినా మీ రెండు వేలు అక్కడికి పంపమని నేను చెప్పను. పని మంచిదే, కానీ అది ప్రపంచమంతా చూసేసిన ఎలుక. "ఎవరూ పట్టించుకోని పని" అని మీరు రాశారు కదా, అలాంటిది లక్ష లైకులు మోసుకుని మన ఫోన్లోకి రాదు. దానంతట అది వచ్చిందంటే ఎవరో కూర్చుని ఎడిట్ చేసి, వెనకాల వయొలిన్ పెట్టి, డబ్బు కట్టి మరీ మన ముందుకు తోసిందని అర్థం. అందులో మంచివీ ఉంటాయి, కాదనను. కానీ మీకు కావలసింది మీరే పోయి వెతుక్కోవాలి, అదీ వీలైనంతవరకు బస్సెక్కి పోయి కళ్లతో చూడగలిగేంత దూరంలో.

ఆ ఐదు వేల గురించి ఒక మాట. మీరు మోసపోయింది జాలి ఎక్కువై కాదు, తొందరపడి. ఆ వీడియోలన్నీ "ఇంకా 36 గంటలే" అని గడియారం పెట్టుకుని వస్తాయి, ఆలోచించే టైం మనకు ఇవ్వకూడదనే. ఈసారి అలాంటిది కనబడితే బిడ్డ ఫొటో స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో పెట్టండి, పాతది అయితే చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది. తర్వాత ఆసుపత్రి పేరు, ఇన్‌పేషెంట్ నంబరు అడగండి. వాళ్లు ఇచ్చిన ఫోన్ నంబరుకు కాకుండా ఆసుపత్రి వెబ్‌సైట్లో ఉన్న నంబరుకు మీరే చేయండి. క్యూఆర్ స్కాన్ చేస్తే వచ్చే పేరు ట్రస్టుదా, ఎవరో మనిషిదా చూడండి. ఇంకొకటి, మన రాష్ట్రంలో తెల్ల కార్డున్న పేద బిడ్డ అని చెప్తుంటే, ఎన్టీఆర్ వైద్య సేవలో ఎందుకు చేయించలేదని అడగండి. గుండె ఆపరేషన్లు చాలా దాని కిందే జరుగుతాయి, పైగా 2021 అక్టోబరు నుంచి మన ఊళ్లోనే పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ఉంది. నిజంగా కష్టంలో ఉన్న తండ్రయితే ఆ ప్రశ్నకు రెండు నిమిషాల్లో జవాబు చెప్తాడు, ఎందుకంటే ఆ కౌంటర్ల చుట్టూ అప్పటికే తిరిగి తిరిగి ఉంటాడు. మోసగాడికి కోపం వస్తుంది. "మీకు మానవత్వం లేదా" అన్నాడంటే ఇక అక్కడితో వదిలేయొచ్చు. డబ్బు పోయిన వెంటనే తెలిస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే అంత మేలు. ఏడాది దాటిన మీ డబ్బు తిరిగొస్తుందనుకోను గానీ ఆ పేజీ మీద సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు మాత్రం పెట్టండి.

ఇక వెతకడం. "చారిటీ", "ఎన్‌జీవో" అని కొడితే వచ్చేవన్నీ పెద్దవే, వాటికి మీ అవసరం అంత లేదు. కావలసిన పని పేరు తెలుగులో కొట్టి పక్కన ఊరి పేరు పెట్టండి, కొత్త పోస్టులు ముందు వచ్చేలా పెట్టుకోండి, పోస్టు కన్నా కింద కామెంట్లు ఎక్కువ చదవండి. "స్క్రైబ్ కావాలి తిరుపతి" అని ఫేస్‌బుక్‌లో కొట్టి చూడండి, నేనేం చెప్తున్నానో అర్థమవుతుంది.

దాని గురించే కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మీ అమ్మాయికి సరిపోయే పని ఇదే. చూపు లేని పిల్లలు పరీక్షలో జవాబు చెప్తుంటే పక్కన కూర్చుని రాసిపెట్టేవాళ్లు కావాలి, వాళ్లనే స్క్రైబ్ అంటారు. పిల్లలు తామే తెచ్చుకునే స్క్రైబ్ వాళ్ల కంటే ఒక మెట్టు తక్కువ చదివి ఉండాలని, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని 2018లో కేంద్రం నియమాలు పెట్టింది. అంటే పదో తరగతి పిల్లాడికి రాయాలంటే ఎం.ఏ. చదివిన నేను పనికిరాను, మీరూ పనికిరారు, తొమ్మిదో తరగతి పిల్ల కావాలి. తొమ్మిదో తరగతి పిల్లల్ని వాళ్ల పరీక్షల ముందు ఎవరు పంపుతారు చెప్పండి? మార్చి వచ్చిందంటే వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల, "రేపు సోషల్‌కి రావాల్సిన బాబుకు జ్వరం, ఎవరైనా ఉన్నారా" అని రాత్రి పదింటికి మెసేజులు.

మా వాడు తొమ్మిదిలో ఉండగా అలాగే ఒకసారి వెళ్లాడు. అవతలి పిల్లవాడు పరీక్షకు ముందే వీడి చేతివేళ్లు పట్టుకుని చూసి "చెమట పడుతున్నాయి, నువ్వు టెన్షన్ పడొద్దు, నాకు అన్నీ వచ్చు" అన్నాడట. పరీక్ష పొడుగునా మెల్లగా, కామాలతో సహా చెప్పుకుంటూ పోయాడట, పేజీకోసారి "చదువు" అని రాసింది చదివించుకున్నాడట. మా వాడు ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా డిక్షనరీ తీశాడు. ఏంట్రా అంటే, "వాడు కరెక్టుగానే చెప్పాడు నాన్నా, నేనే 'వికేంద్రీకరణ' తప్పు రాశానేమో, వాడి మార్కు పోతుంది" అని. ఆ ఫలితాలొచ్చే వరకు మా ఇంట్లో వాడి మార్కుల గురించే బెంగ. కాబట్టి మీ అమ్మాయికి ముందే చెప్పండి, వెళ్తానని ఒప్పుకుంటే వెళ్లి తీరాలి. సినిమాకు రానని చెప్పినట్టు పొద్దున్నే మెసేజ్ పెడితే అవతల ఒక ఏడాది పోతుంది. మీరు చేయగలిగింది వేరే ఉంది. టీచరు కదా, పాఠాలు చదివి ఫోన్లో రికార్డు చేసి పంపొచ్చు. డిగ్రీ, డీఎస్సీకి చదివే చూపులేని పిల్లలు ఆడియో నోట్సు కోసం అడుగుతూనే ఉంటారు. ఫ్యాన్ ఆపి, తలుపేసి రికార్డు చేయండి, కుక్కర్ విజిల్ రాకుండా చూసుకోండి, అంతకంటే అర్హతలేం అక్కర్లేదు.

రెండో సంగతి మన ఊరికే ప్రత్యేకం. రైల్వే స్టేషన్ ముందు, బస్టాండులో, అలిపిరి దారిలో మతి చెదిరి తిరిగే మనుషులు మీకూ కనిపిస్తుంటారు. వాళ్లందరూ బిచ్చగాళ్లు కాదు. ఎక్కడో ఒడిశాలోనో మహారాష్ట్రలోనో ఇల్లు వదిలి రైలెక్కి వచ్చేసినవాళ్లుంటారు, దర్శనానికి వచ్చి తప్పిపోయినవాళ్లూ ఉంటారు, ఇంట్లో వాళ్ల కోసం ఎదురుచూసేవాళ్లు ఉంటారు. మనం ఒక పులిహోర పొట్లం పెట్టి వచ్చేస్తాం. దీని మీదే జీవితమంతా పనిచేస్తున్న డాక్టరు ఉన్నాడు, భరత్ వట్వానీ. మహారాష్ట్రలోని కర్జత్‌లో ఆయన శ్రద్ధ సంస్థ ఇలాంటివాళ్లకు వైద్యం చేసి, ఊరు కనుక్కుని ఇంటికి చేరుస్తుంది. 2018లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. మనకు దగ్గర్లో చెన్నైలో ద బనియన్ ఉంది, 1993లో ఇద్దరు అమ్మాయిలు మొదలుపెట్టారు. ఈ పనిలో సోషల్ మీడియా నిజంగా ఉపయోగపడుతుంది. మందులు పడి నాలుగు మాటలు మాట్లాడగలిగాక "మా ఊళ్లో చెరువు పక్కన ఫలానా గుడి" అంటారు, ఆ ముక్క ఆ జిల్లా గ్రూపుల్లో తిరిగితే గుర్తుపట్టేవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఇలాంటివాళ్లకు గడ్డం గీసి, స్నానం చేయించి, "ముందు – తరువాత" అని వీడియో పెట్టి చప్పట్లు కొట్టించుకునే పేజీలు బోలెడు. ఆ స్నానం తర్వాత మనిషి ఎక్కడున్నాడు? మళ్లీ అదే బస్టాండులోనా? ఆ జవాబు లేని పేజీకి రూపాయి పంపొద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఇలా తిరుగుతున్న మనిషిని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చే బాధ్యత పోలీస్ స్టేషన్‌ది. చికిత్సలో ఉన్నవాళ్ల ఫొటోలు, వివరాలు అనుమతి లేకుండా బయట పెట్టకూడదనీ అదే చట్టంలో ఉంది. స్టేషన్‌కి వెళ్లి అడిగితే మొదటిసారి మిమ్మల్ని వింతగా చూస్తారు. చట్టం పేరు చెప్పండి, రెండోసారికి కుర్చీ వేస్తారు.

డబ్బుతో పని లేనివి ఇంకొన్ని ఉన్నాయి, టకటకా చెప్పేస్తాను. బాంబే బ్లడ్ గ్రూప్ అని ఒకటి ఉంది, 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే కనుక్కున్నారు. మామూలు పరీక్షలో "ఓ" అని వస్తుంది కానీ "ఓ" రక్తం వాళ్లకు ఎక్కించకూడదు. మన దేశంలో సుమారు పదివేలమందిలో ఒకరికి ఉంటుందంటారు. అలాంటి దాతలు ఊరికొకరు చొప్పున వాట్సాప్‌లోనే ఒకరినొకరు వెతుక్కుంటారు. మీది "ఓ" అయితే ఈసారి రక్తం ఇచ్చినప్పుడు బాంబే గ్రూపా కాదా తేల్చే హెచ్ యాంటిజెన్ పరీక్ష చేస్తారా అని అడగండి. రక్తపు జబ్బులున్నవాళ్లకు ఎక్కించే మూలకణాల దానానికి చెన్నైలోని దాత్రి సంస్థ 18 నుంచి 50 ఏళ్లలోపు వాళ్ల పేర్లు రాసుకుంటుంది, బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి ఇస్తే చాలు. కానీ ఎప్పుడో ఏడేళ్లకు "మీది ఒక పేషెంటుకు సరిపోయింది" అని ఫోనొస్తే అప్పుడు వెనక్కి తగ్గడం కన్నా ఇప్పుడు పేరు ఇవ్వకపోవడమే నయం, ఇంట్లో అందరితో మాట్లాడుకుని ఇవ్వండి. కొండ మీద ఇచ్చిన తలనీలాలు వేలానికి పోతాయని మీకు తెలిసిందే. మొక్కేమీ లేకుండా జుట్టు పొడుగ్గా కత్తిరించుకునే ఆలోచన ఉంటే క్యాన్సర్ రోగుల విగ్గుల కోసం తీసుకునేవాళ్లున్నారు, చాలామంది 12 అంగుళాలకు తగ్గకుండా అడుగుతారు. మొక్కుకున్న జుట్టు మాత్రం మొక్కుకే ఇవ్వండి, దాంట్లో వాటాలు వేసి అత్తగారితో గొడవ తెచ్చుకోవద్దు.

"అంతరించిపోతున్న కళను కాపాడండి" అనే పోస్టులు కూడా మీకు వస్తూ ఉంటాయి. శ్రీకాళహస్తి పక్కనే కదా, కలంకారీ వాళ్ల దగ్గరికి ఒక ఆదివారం వెళ్లి రండి. కరక్కాయ రసం, గేదెపాలు కలిపి గుడ్డను నానబెట్టడం, ఇనుప ముక్కలూ బెల్లమూ పులియబెట్టి నల్లరంగు కసిమి తయారు చేయడం, ఆ కంపు, అదంతా చూశాక అక్కడ బేరమాడటానికి నోరు రాదు. చెప్పిన ధరకు కొనుక్కోండి. అది దానం కాదు, కొనుగోలు. ఆ మనిషికి కావలసింది కూడా అదే, దాన్ని దానధర్మాల లెక్కలో రాసుకోవడం నాకు ఎందుకో నచ్చదు.

ఇక డబ్బు. ఎక్కడిచ్చినా మొదటి నెల ఐదొందలు ఇచ్చి ఆరు నెలలు చూడండి. ఏడిపించే వీడియోలు పెట్టేవాళ్ల కన్నా విసుగు పుట్టించే పోస్టులు పెట్టేవాళ్లను వెతకండి: బియ్యం బిల్లు, ఆటో ఖర్చు, "ఈ నెల నాలుగు వేలు తక్కువ పడింది" లాంటివి. నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్లో సంస్థ పేరు ఉందో లేదో చూడండి, అయితే పేరు ఉన్నంత మాత్రాన మంచి సంస్థ అని కాదు, ఫలానా చోట ఉందని మాత్రమే. రెండు వేలకు మించి నగదుగా ఇస్తే పన్ను మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉంటే దానం రసీదు ఉన్నా రాదు. మీ జీతానికి అదేం పెద్ద తేడా కాకపోవచ్చు. కొన్ని క్రౌడ్‌ఫండింగ్ యాప్‌లలో మనం ఇచ్చేదాని మీద "టిప్" అని ముందే టిక్ పెట్టి ఉంటుంది, కట్టే ముందు కిందిదాకా చూసుకోండి. తమ్ముడు ఇంకా భారత పౌరుడే అయితే, గ్రీన్‌కార్డు ఉన్నా సరే, తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉంటే మాత్రం అది విదేశీ విరాళమే, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉన్న సంస్థకే పంపాలి. ఊళ్లో చిన్న ట్రస్టు పెట్టుకున్నాయన ఖాతాలో వేసేస్తే ఆయన ఇరుక్కుంటాడు.

మీ రెండు వేలకు నా సలహా చెప్పమంటే, మీ నాయన సేద్యం చేసేవారని రాశారు కదా, అక్కడికే వెళ్దాం. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క కట్టింది, అంటే ఏడాదికి 58 వేలు. ఎక్కువమంది పల్లెల్లోవాళ్లే, సగం చావులు వానాకాలంలోనే. విరుగుడు మందు ఉంది. దాని తయారీకి కావలసిన విషాన్ని 1978లో పెట్టిన, పాములు పట్టే ఇరుళ గిరిజనుల సహకార సంఘం చెన్నై పక్కనే తీసి ఇస్తోంది. అయినా ఇంతమంది పోతున్నారు. కాటు ఎక్కువగా పడేది కాలికి, చాలాసార్లు చీకట్లో. మన పల్లెల్లో రాత్రి మోటారు వేయడానికి గట్టు మీద చెప్పుల్లేకుండా పోయేవాళ్లు ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక జత గమ్ బూట్లు, ఒక టార్చి, కాటు పడితే కట్లు కట్టకుండా, మంత్రాల దగ్గరికి పోకుండా 108కి ఫోన్ చేయమని రాసిన ఒక కాగితం. దీనికి ఎవరూ రీల్ చేయరు, చేసినా చూడరు, ఎందుకంటే పాము కరవకపోవడాన్ని వీడియో తీయలేం.

2014లో ప్రపంచమంతా నెత్తిన ఐసు నీళ్లు పోసుకుంటుంటే హైదరాబాదులో మంజులత కళానిధి అనే జర్నలిస్టు, నీళ్లెందుకు, ఒక బకెట్టు బియ్యం పక్కవాళ్లకు ఇవ్వండి అని రైస్ బకెట్ ఛాలెంజ్ మొదలుపెట్టారు, గుర్తుందా? అడిగింది చిన్నది, ఇవ్వాల్సింది పక్కింట్లో. మీ ఊరి వాట్సాప్ గ్రూపు ఎలాగూ ఉంటుంది, అందులో మీ నాయన ఫొటో ఒకటి పెట్టి, నెలకు ముగ్గురికో నలుగురికో బూట్లు ఇస్తున్నామని రాయండి. తమ్ముడి సంగతి పైన చెప్పినట్టు తేలితే ఇంకో నలుగురికి.

అన్నదానం మానొద్దు. అది 1985 నుంచి నడుస్తోంది, మీ అత్తగారికి అదంటే నమ్మకం, ఆ మాట దగ్గర మీరు గెలవాల్సిన పనేం లేదు. బూట్లు కొనేటప్పుడు మాత్రం ఆవిణ్ణి వెంట తీసుకెళ్లండి. ముందే ఊరికి ఫోన్ చేసి ఎవరి కాలు ఎంతో కనుక్కోండి, అన్నీ ఒకటే సైజు తెస్తే అటక మీద పడుంటాయి. ఆడవాళ్ల సైజులు మర్చిపోవద్దు, కలుపు తీసేది వాళ్లే.